అరిగిన ఫ్లైవీల్‌కి ఒక నమస్కారం

డీజిల్ కారున్న ప్రతి మనిషీ వీలైనంత తొందరగా దాని ఫ్లైవీల్ అరగ్గొట్టుకోవాలి. ఇది నా సలహా కాదు, విన్నపం. ప్రభుత్వం ఒక అడుగు ముందుకేసి దీన్ని తప్పనిసరి చేసినా నాకు అభ్యంతరం లేదు!

నవ్వకండి. ముందు ఫ్లైవీల్ అంటే ఏమిటో చెబుతాను. మొన్నమొన్నటి దాకా నాకూ తెలీదు. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య బరువైన ఇనప చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుందట. నాలాంటివాళ్ళు మోజుపడి కొనే కొత్తరకం డీజిల్ బళ్ళలో అది రెండు చక్రాల జోడీ, నడుమ స్ప్రింగులు. పూర్తి పేరు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. ఇంజిన్ కుదుపుల్ని ఆ స్ప్రింగులు మింగేసి గేర్‌బాక్స్‌కి మెత్తగా అందిస్తాయి. తల్లి అన్న మాటని భార్యకీ, భార్య అన్న మాటని తల్లికీ మెత్తగా చేసి చేరవేసే మగాడి ఉద్యోగం అన్నమాట. అలాంటి మగాడు ఎన్నాళ్ళు నిలుస్తాడు? స్ప్రింగులూ అంతే.

నేను సుక్మా జిల్లాలో బాగా లోపలికున్న ఒక ఊళ్ళో ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కి వార్డెన్‌ని. అక్కడే క్వార్టర్స్‌లో కాపురం. ప్రతి మంగళవారం పొద్దున్నే సుక్మాలో మీటింగుకి వెళ్ళి, హాస్టల్‌కి కూరగాయలు వేసుకుని సాయంత్రానికి తిరిగొస్తాను. అందరూ నన్ను గురుజీ అంటారు. మా ఆవిడ కరుణశ్రీ తప్ప. ఆవిడ కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది కాబట్టి, ఏ యంత్రం ఎందుకు మూలుగుతుందో తనకి తెలుసని ఆవిడ నమ్మకం.

మా బండిలో చప్పుడు మొదట పట్టింది ఆవిడే. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టుంది, ఏటండీ అది అని అడిగింది. మన రోడ్లు అలాంటివి అన్నాను. బండి ఆగే ఉంది కదా అంది.

సరే, గీదం వెళ్ళి మెకానిక్ రాజ్‌కుమార్‌కి చూపించాను. బండి ఎలా నడుపుతారు గురుజీ అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్న మనిషిని నేను. డీజిల్ ఆదా చెయ్యడంలో నా అంతవాడు బస్తర్‌లో లేడు. ఎద్దుబండి వేగంలో ఐదో గేరు వేసి, ఏటవాలు ఎక్కేటప్పుడు కూడా తియ్యకుండా, ఇంజిన్ గునుస్తుంటే బుజ్జగిస్తూ తోలుతానని గర్వంగా చెప్పాను. రాజ్‌కుమార్ నా వంక జాలిగా చూశాడు. ఫ్లైవీల్ స్ప్రింగుల్ని చంపడానికి అంతకంటే మంచి పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదన్నాడు. గేర్‌బాక్స్ దింపి కొత్తది వెయ్యాలన్నాడు. ధర చెప్పాడు. నేను కూర్చోడానికి స్టూలు అడిగాను.

అక్కడే నాకు జ్ఞానోదయమైంది. ఫ్లైవీల్ మార్చడం కంటే అభిప్రాయం మార్చుకోవడం చవక!

మార్చుకున్నాక చూస్తే, అబ్బో, ఎన్ని లాభాలని! క్లచ్ తొక్కి పెడితే ఆ చప్పుడు ఆగిపోతుంది. అందుకని పెద్దసార్ల ఆఫీసు గేటు ముందు లైన్లో నిలబడ్డప్పుడల్లా క్లచ్ తొక్కిపెట్టి పెద్దమనిషిలా కూర్చునేవాణ్ణి. దాంతో నా ఎడమ పిక్క పహిల్వాన్ పిక్క అయింది. కుడిది ఇప్పటికీ వార్డెన్ పిక్కే.

దారిలో జవాన్ల క్యాంపు దగ్గర ఒక చెక్‌పోస్టు ఉంది. ఇంజిన్ ఆపమన్నారు ఒకసారి. ఆపాను. అరిగిన ఫ్లైవీల్ ఇంజిన్ ఆపినప్పుడు చివరగా ఒక్క దెబ్బ కొడుతుంది, ధనామని. జవాన్లందరూ ఒక్కసారిగా ఇసక బస్తాల వెనక్కి వెళ్ళిపోయారు. నేను చేతులు పైకెత్తి, ఫ్లైవీల్ సాబ్, ఫ్లైవీల్ అని మొత్తుకున్నాను. ఆ తర్వాత నుంచి నన్ను చూస్తే వాళ్ళే దూరం నుంచి దండం పెట్టి, ఆపొద్దు, పొండి పొండి అనేవాళ్ళు. ఇంత మర్యాద ఏ ఆఫీసరుకి దొరుకుతుంది?

హాస్టల్ సంగతి చెప్పనే లేదు. నేను ఏ వేళ వెళ్ళినా వంటమనిషి ముకేష్ చెమటలు కక్కుతూ బియ్యం కడుగుతూ ఉండేవాడు. వాచ్‌మన్ గేటు దగ్గర నిటారుగా నిలబడి ఉండేవాడు. నా క్రమశిక్షణ గురించి మీటింగులో నేనే రెండుసార్లు మాట్లాడాను. ఇంటికి రాగానే వేడి వేడి టీ కూడా చేతికొచ్చేది. భార్యంటే అలా ఉండాలని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

అసలైన సేవ మాత్రం గంగే అనే పిల్ల వాళ్ళ ఊరి దగ్గర జరిగేది. వాగు దాటగానే వాళ్ళ ఊరు. రోడ్డు పక్కన కొత్త బస్టాప్ ఉంది. సిమెంటు బల్ల, పసుప్పచ్చ రంగు, హిందీలో పెద్దక్షరాల పేరు, అన్నీ ఉన్నాయి. వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయిన ఏడాది బస్సు రావడం మానేసింది. తర్వాత కల్వర్టు కట్టారు, బస్టాపూ కట్టారు. ఆ సంగతి బస్సుకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పుడక్కడ కేసా అనే ముసలాయన పగలంతా కూర్చుంటాడు. ఊళ్ళో సిమెంటు చల్లదనం దొరికేది అక్కడొక్కచోటే.

గంగే కడుపుతో ఉంది. ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉందని, ప్రతి మంగళవారం సుక్మా ఆసుపత్రికొచ్చి సూది వేయించుకోమన్నారు. మానితే కాన్పు కష్టమవుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ గుంతల్లో మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్ళడానికి ఆమె మొగుడు మాడకి భయం. కాబట్టి ప్రతి మంగళవారం గంగే పొలంలో పని చేసుకుంటూ ఉండేది. నా ఫ్లైవీల్ లడలడలు అల్లంత దూరాన వినపడగానే కాళ్ళు కడుక్కుని రోడ్డు మీదికొచ్చేది. ఆమె వెనకే చింతపండు బుట్ట ఒకటి, కోడిపుంజుతో ఒకరు, రేషన్ కార్డు పనిమీద ఇంకొకరు. డ్రైవర్‌ని, కండక్టర్‌ని, కోడిపుంజుకి దిండుని, అన్నీ నేనే.

ఇలా సుఖంగా సాగుతుంటే రాజ్‌కుమార్ ఫోన్ చేసి భయపెట్టాడు. ఆ చక్రం ఏదో ఒకరోజు ముక్కలై గేర్‌బాక్స్‌నీ తీసుకుపోతుందన్నాడు. నేను పట్టించుకోలేదు. కానీ ఆ మాట కరుణశ్రీ చెవిన పడింది.

"అడివి మధ్యలో బండి ఆగిపోతే, కడుపుతో ఉన్న ఆ పిల్ల ఏటవుద్దండీ?" అంది.

మర్నాడే గీదం వెళ్ళాను. కొత్త ఫ్లైవీల్ వేయించాను.

పాఠకులారా, ఇక నా పతనం వినండి. బండి వెన్నలా జారిపోతోంది. చెక్‌పోస్టులో నన్ను దింపి, వంకాయ బస్తా విప్పించి, వంకాయ వంకాయా చూశారు. హాస్టల్‌కి చప్పుడు లేకుండా చేరేసరికి వాచ్‌మన్, ముకేష్ పేకాట మధ్యలో ఉన్నారు. బియ్యం ఇంకా బస్తాలోనే ఉంది. ఇంట్లో టీ లేదు. వాగు దగ్గర మీ బండి వినపడితే కదా స్టవ్ వెలిగించేది అంది కరుణశ్రీ. ఇన్నాళ్ళూ నా క్రమశిక్షణా, నా దాంపత్యమూ రెండు స్ప్రింగుల మీద నడిచాయని ఆ రోజు తెలిసింది.

అదే మంగళవారం పొద్దున బస్టాప్ దగ్గర బండి నెమ్మది చేశాను. కేసా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఇంకెవరూ లేరు. హారన్ కొట్టాను. మా దారిలో హారన్ పశువుల కోసం కొట్టేది, దాన్ని మనుషులు పట్టించుకోరు. మాడ ఎలాగో తీసుకెళ్ళి ఉంటాడనుకుని వెళ్ళిపోయాను. సాయంత్రం తిరిగొస్తుంటే గంగే బస్టాప్‌లో కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ నా చప్పుడు కోసం చెవులు రిక్కించి, నేను రాలేదనుకుందట. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నీ బండి సప్పుడు బందైంది గురుజీ. మా దవాఖాన గూడ బందైంది," అంది.

మర్నాడు రాజ్‌కుమార్‌కి ఫోన్ చేసి, పాత ఫ్లైవీల్ మళ్ళీ బిగించగలవా అని అడిగాను. రాంగ్ నంబర్ అని పెట్టేశాడు.

ఆ పాతది నా డిక్కీలోనే పడి ఉంది. దాన్ని మాడ చూశాడు. చక్రాలు రెండూ విడదీసి, పెద్దదాన్ని బస్టాప్ కప్పుకి ఇనప తీగతో వేలాడగట్టాడు. కేసా చేతికి ఒక రాడ్డిచ్చాడు. ఇప్పుడు నా బండి మలుపులో కనపడగానే కేసా లేచి దాన్ని వాయిస్తాడు. పొలాల్లోంచి గంగే వస్తుంది, బుట్టలొస్తాయి, కోడిపుంజు వస్తుంది. సూదులు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మోత వినకుండా దాటిపోతానేమోనని నేనైతే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, చెవి బయట పెట్టి తోలుతున్నాను.

పోయిన వారం రోడ్డు చూడ్డానికి పెద్దసార్లు తెల్లకారులో వచ్చారు. కారు కనపడగానే అలవాటు కొద్దీ కేసా వాయించేశాడు. ఊరు ఊరంతా మూటలతో వచ్చి నిలబడింది. పెద్దసార్లు ఎంతో సంతోషించారు. బస్టాప్‌ని జనం ఇంత చక్కగా వాడుకోవడం తామెక్కడా చూడలేదన్నారు. బస్సు ఎప్పుడొస్తుందని గంగే అడిగింది. ఈ రోడ్డు మీద పెద్ద బండి నడవదమ్మా అని చెప్పి, అదే రోడ్డు మీద తెల్లకారులో మెత్తగా వెళ్ళిపోయారు.

నేను ఆలోచించాను. తప్పు వాళ్ళది కాదు. మా ఫ్లైవీల్ చిన్నది, దాని మోత వాళ్ళ ఆఫీసు దాకా పోదు. అందుకని ఈసారి గీదం వెళ్ళినప్పుడు రాజ్‌కుమార్‌ని అడిగాను, అన్నిటికంటే పెద్ద ఫ్లైవీల్ ఏ బండికుంటుంది, పాతదొకటి దొరుకుతుందా అని.

"పెద్దదంటే బస్సుకే ఉంటది గురుజీ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "లేకిన్, అది అరిగి మీ చేతికి రావాలంటే ముందు మీ రోడ్డుకి బస్సు రావాలె గదా."