కారు ఓనరుగారి సంతకం

ఆ రోజు పొద్దున్న కుట్టు టీచరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్లి కారు పాలసీ రెన్యూ చేయించుకోవడం, పదకొండింటికల్లా తిరిగొచ్చి పక్కింటి నర్సు యూనిఫాంకి చేతులు అతకడం. అంతే. ఆరు వారాలుగా ఆవిడ వాకిలి దాటి వీధిలోకి వెళ్లలేదు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఆరు వారాల కిందట ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాలేదు.

కారు ఆయనది. పద్దెనిమిదేళ్ల నీలం బండి. ఆవిడకి నడపడం రాదు. అమ్మేయమని చెప్పినవాళ్లందరికీ "చూద్దాంలెండి" అని జవాబిచ్చి, రోజూ పొద్దున్నే దాని అద్దాలు తుడిచేది. దాని పాలసీ గడువు ఆ రోజుతో సరి.

బండి నడుపుతూ తోడు మరిది వచ్చాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీసే ఉద్యోగం అతనిది. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. గట్టిగా కాదనాల్సి వస్తే రెండుసార్లు అవునంటాడు. అన్నగారి ఫోను కూడా ఇప్పుడు అతని దగ్గరే ఉంటోంది. గడియారాలిచ్చినవాళ్లు ఇంకా ఫోను చేస్తూనే ఉన్నారు. దాన్ని ఆపేయడానికి ఆవిడకి మనసొప్పలేదు, ఎత్తడానికి గొంతు రాలేదు. మరిది ఎత్తి, "ఊ, అయిపోతుందండి, వచ్చే వారం రండి," అని పెట్టేస్తుండేవాడు.

"నువ్వు బండి దగ్గరే ఉండవయ్యా. రెండు నిమిషాల్లో వచ్చేస్తా," అని ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్లింది.

కౌంటర్లో కళ్లజోడాయన పోయినేటి రసీదు తీసుకుని చూశాడు. "ఓనరుగారు రాలేదా అమ్మా?"

"ఆయన లేరండి."

"పర్లేదు. ఎప్పుడొస్తారు?"

ఆవిడ నోరు తెరిచింది. 'లేరు' తర్వాత రావాల్సిన ఆ రెండో మాట ఆరు వారాల్లో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లే చెప్పేశారు. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు.

"చెప్పలేనండి," అంది.

"క్యాంపా?"

"అలాంటిదే."

"అయితే ఫోన్లో ఓ మాట అడిగేస్తాను. నంబరిక్కడే ఉందిగా," అంటూ ఆవిడ వద్దనేలోగా ఆయన నంబరు నొక్కి స్పీకరు పెట్టేశాడు.

"ఊ, చెప్పండి," అంది ఫోను.

ఆవిడ కౌంటరు చెక్క పట్టుకుంది. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటేనని ఇరవై ఏళ్లుగా అందరూ అంటూనే ఉన్నారు. కానీ మనిషి కళ్లముందు లేకుండా ఒట్టి గొంతే వినడం ఆవిడకి ఇదే మొదలు.

"సార్, కారు ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి. మీ బండి పాలసీ రెన్యూ చేసేయమంటారా?"

"ఊ, చేసేయండి."

"కాగితాల మీద అమ్మగారు సంతకం పెడతారు. పర్లేదా?"

"పర్లేదండి. ఆవిడెలా చెబితే అలా చెయ్యండి."

కళ్లజోడాయన ఫోను పెట్టేయబోయాడు. "ఆగండి," అంది ఆవిడ చప్పున. "ఇంకేమైనా అడగాలేమో చూసుకోండి."

"ఏం లేదమ్మా. అయిపోయింది."

"చిరునామా సరిగ్గా ఉందో లేదో అడగరా?"

ఆయన అడిగాడు. ఫోను నింపాదిగా ఇంటి నంబరు చెప్పింది, వీధి చెప్పింది, మెట్ల పక్క గది అని కూడా చెప్పింది. ఆవిడ కళ్లు మూసుకుని అంతా వింది. రసీదిస్తే చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది.

బయట మరిది కారులో కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నాడు. తను చేసిన పనేమిటో ఫోను పెట్టేశాక గానీ అతని బుర్రకెక్కలేదు. వదినగారు మెట్లు దిగుతూ చీర చెంగుతో కళ్లొత్తుకోవడం చూసేసరికి అతనికి ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది. వదిన ఎండలో అంత దూరం నడవకూడదని బండిని మెట్ల దగ్గరికి తేబోయాడు. ముందుకనుకున్న గేరు వెనక్కయింది. నీలం కారు ఒక్క ఊపున వెళ్లి వెనకున్న తెల్ల కారుని ఢీకొట్టింది.

తెల్ల కారు కొని నాలుగు రోజులయింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. అది ఇన్సూరెన్సు ఆఫీసు మేనేజరుగారిది.

మేనేజరు పరుగున వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. వెనకాలే కళ్లజోడాయన వచ్చాడు.

"కంగారేం లేద్సార్, పాలసీ ఉంది. ఇప్పుడే ఓనరుగారితో మాట్లాడాను," అని మళ్లీ అదే నంబరు నొక్కాడు.

మరిది జేబు మోగింది.

గదిలో నలుగురూ ఆ జేబు వైపు చూశారు. పాపం, అలవాటు కొద్దీ మరిది తీసి "ఊ, చెప్పండి," అన్నాడు.

"ఓనరు మీరేనా?" అన్నాడు మేనేజరు.

"అవునండీ... అవును," అన్నాడు మరిది. అంటే కాదని.

కళ్లజోడాయన లైసెన్సు అడిగాడు. లైసెన్సు మీద పేరు వేరు. మేనేజరు ముఖం గంటుపెట్టుకుని, "అసలు ఓనరెక్కడ?" అన్నాడు.

"లేరండి," అంది ఆవిడ.

"లేరంటే పిలిపించండమ్మా! సాయంత్రమైనా సరే, నేనుంటాను."

"రాలేరండి."

"ఎందుకు రాలేరు?"

మరిది వదినగారి వైపు చూశాడు. ఎప్పటిలా తనే చెబుదామని నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"పోయారండి," అంది. "ఆరు వారాలైంది."

ఆ మాట ఇంత చిన్నదని ఆవిడకి అప్పుడే తెలిసింది. మేనేజరు కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. ఈసారి నెమ్మదిగా చెప్పాడు. "చూడండమ్మా, బండి యజమాని పోతే ఆ సంగతి మాకు రాసివ్వాలి. బండీ పాలసీ వారసుల పేరు మీదకి మార్పించుకోవాలి. మీరేమో పోయినాయన చేత ఫోన్లో ఊ కొట్టించారు. దీన్ని మోసమంటారు. పైగా ఆ ఊ కొట్టినాయనే నా బండిని గుద్దాడు. విల్లేమైనా రాశారా ఆయన?"

"రాయలేదండి. మేమే రాయనివ్వలేదు," అంది ఆవిడ. "జబ్బు సంగతి డాక్టరు మా ఇద్దరికే చెప్పారు. ఆయనకి కడుపులో పుండని చెప్పాం. ఓసారి విల్లు మాటెత్తితే ఈ అబ్బాయే, 'ఇప్పుడెందుకన్నయ్యా, నిక్షేపంలా ఉంటేనూ' అన్నాడు. మళ్లీ ఎత్తలేదు. ఆయనకి తెలిస్తే బెంగతోనే పోతారని భయపడ్డాం."

మరిది తలొంచుకున్నాడు.

మేనేజరు నిట్టూర్చి, పాత కాగితాలైనా చూద్దామని ఆ బండి ఫైలు తెప్పించాడు. మొదటి కాగితం చూశాడు. కళ్లజోడాయన వైపు చూశాడు. "ఏమయ్యా, రెన్యూ చేసేటప్పుడు పేరు చూశావా?"

"నంబరు కొట్టాను సార్. పేరేముంది, పాతదే కదా అని..."

"అమ్మా, మీ సంచిలో రసీదుందే, అది తియ్యండి. ఎవరి పేరుందో చదవండి."

ఆవిడ మడత విప్పింది. ఓనరు అన్నచోట ఆవిడ పేరే ఉంది.

మేనేజరు ఫైలు ఆవిడ వైపు తిప్పాడు. పోయిన వేసవిలో బండి, పాలసీ రెండూ ఆవిడ పేరు మీదకి మారాయి. దరఖాస్తు అడుగున ఆవిడ సంతకం ఉంది. దుకాణం అద్దె కాగితాలని చెప్పి ఆయన పెట్టించుకున్న సంతకం. డాక్టరుగారు తమ ఇద్దరినీ పక్కకి పిలిచి చెప్పిన రోజు ఆవిడకి బాగా గుర్తు. దరఖాస్తు మీద దాని మర్నాటి తేదీ ఉంది. వెనక ఓ ఉత్తరం కుట్టి ఉంది. గడియారం చక్రాలంత చిన్న అక్షరాలు ఆయనవి. పోస్టాఫీసు కళ్లు కదా, మరిదే చదివాడు.

"అయ్యా, నా ఆరోగ్యం సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని మా ఆవిడకీ తమ్ముడికీ తెలియదు. నాకు తెలియకుండా దాచడానికి వాళ్లు చాలా శ్రమపడుతున్నారు. కనుక కొత్త కాగితాలు ఇంటికి పంపకండి, మీ దగ్గరే ఉంచండి. దుకాణంలో సామాను, ఇల్లు కూడా ఆవిడకే రాసి పక్కవీధి లాయరుగారికిచ్చాను. ఫోను నంబరు మాత్రం నాదే ఉండనివ్వండి. ఆవిడకి చేస్తే దుకాణం అద్దె కోసమనుకుని కంగారుపడుతుంది."

చివరి మాటల దగ్గర మరిది గొంతు సన్నబడి జీరబోయింది. ఇప్పుడది అన్నగారి గొంతులా లేదు. ఆవిడ లేచి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. నెలల తరబడి ఆ ఇంట్లో ఒకే సంగతిని తామిద్దరూ ఆయనకి తెలియకుండా, ఆయన తమకి తెలియకుండా దాచుకున్నారు. ఒక్కరోజైనా చెప్పుకుని ఉంటే కలిసి ఏడ్చేవాళ్లం కదా, అనుకుంది ఆవిడ.

కళ్లజోడాయన మంచినీళ్లు తెచ్చాడు. మేనేజరు చాలాసేపు కిటికీలోంచి తన కారుకేసి చూస్తూ నిలబడి, వచ్చి క్లెయిము ఫారం ఆవిడ ముందు పెట్టాడు.

"ఓనరుగారు మీరే కనుక మోసమేమీ లేదమ్మా. మీ మాట మీద లైసెన్సున్న మనిషే నడిపాడు. నా బండికీ మీ బండికీ కూడా క్లెయిము డబ్బు వస్తుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆవిడ ఈసారి ఫారమంతా మొదటి నుంచి చివరిదాకా చదివి సంతకం పెట్టింది.

మేనేజరు ముక్కు తుడుచుకుని, "పద్దెనిమిదేళ్లుగా దేన్నీ గుద్దనందుకు మీవారికి ఏటా ప్రీమియంలో ఇస్తూ వచ్చిన తగ్గింపు మాత్రం ఇవాళ్టితో పోయిందమ్మా," అన్నాడు.