క గుణింతం తెమ్మంటే

ఆ రోజు పాఠానికి ఉష ముందురోజే వేసుకుని పిల్లలకు చెప్పి పంపిన పథకం చాలా చిన్నది. ఒకటీ రెండూ తరగతుల పిల్లలు ఇంటి నుంచి క గుణింతంతో మొదలయ్యే వస్తువు తలా ఒకటి తెస్తారు. దాని పేరు పైకి చెప్తారు, పలక మీద రాస్తారు. అంతే. దేవరకొండ నుంచి బస్సులో వస్తూ కత్తెర, కుంకుమ భరిణె, కొబ్బరి చిప్ప అని మనసులో వరుస కూడా పెట్టుకుంది.

ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. చేరిన నాటి నుంచి పిల్లలు ఆమె అన్న మాటే తిరిగి అనడం తప్ప సొంతంగా ఒక్క ముక్క పలికింది లేదు. "ఇదేందిరా?" అని బొమ్మ చూపిస్తే, "ఇదేందిరా" అని అందరూ కలిసి కప్పు ఎగిరేట్టు అరుస్తారు. ప్రైవేటు బడి బస్సేమో రోజూ గేటు ముందే ఆగి, ఉన్నవాళ్లలో నెలకొకరిద్దరిని ఎక్కించుకుపోతోంది. ఇట్లాగే సాగితే బడికి తాళం పడుతుంది. ఆ తాళం తన చేత్తోనే వేయాల్సి వస్తుందని ఉషకు బెంగ.

గదిలో అడుగుపెట్టేసరికి బల్ల మీద కోడిపెట్ట కూర్చొని ఉంది. దాని కాలి దారం, ఊళ్లో కోళ్లు పెంచే బక్కమ్మ మనవడి చేతిలో ఉంది.

"ఇదేందిరా?" అంది ఉష.

"ఇదేందిరా" అన్నాడు వాడు.

ఒకడు గిన్నెలో కందులు తెచ్చాడు. రాకేష్ కూల్‌డ్రింక్ సీసా నిండా తెల్లటిది తెచ్చాడు. వాళ్ల నాయిన తాటిచెట్లు ఎక్కుతాడు కాబట్టి అదేమిటో అడగాల్సిన పని లేకపోయింది. మనీష గుప్పిట విప్పింది. లోపల వాళ్లమ్మ బంగారు కమ్మలు.

"అయ్యో, మీ అమ్మకు చెప్పే తెచ్చినవా?"

"తెచ్చినవా" అంది మనీష.

ఉష కమ్మలను సుద్దముక్కల డబ్బాలో వేసి బల్ల మీద పెట్టింది. కల్లు సీసాను పిల్లలకు అందకుండా కిటికీలో పెట్టింది. కిటికీలో ఎండ పడుతున్న సంగతి ఆమె చూసుకోలేదు.

ఎండకు పొంగి సీసా మూత తుపాకీలా పేలింది. ఆలేరు దగ్గరి సొంతూళ్లో వాళ్ల బాపు స్వయంగా నేసిచ్చిన ఆమె చీర కల్లుతో నిలువునా తడిసింది. బెదిరిన కోడి బల్లంతా ఎగిరి గిన్నెను, డబ్బాను కలిపి కింద పడేసింది. ఆ తర్వాత ఏమీ జరగనట్టు దిగి, కందులు ఏరుకుని తినసాగింది. ఉష మోకాళ్ల మీద కూర్చుని వెతికితే ఒక కమ్మే దొరికింది. గదిలో అందరూ కోడి వైపు చూశారు.

సరిగ్గా అప్పుడే మనీష తల్లి గోవిందమ్మ బోసి చెవులతో పరుగెత్తుకొచ్చింది. సంగతి విని గొల్లుమంది. "గా కోడిని కోయున్రి! నా కమ్మ దాని కడుపుల ఉన్నది!"

వెనకే మనవణ్ణి వెతుక్కుంటూ బక్కమ్మ వచ్చింది. "గుడ్లు పెట్టే కోడిని కోస్తవా? నీ బిడ్డకు బడికి బంగారం ఎందుకిచ్చినవ్?"

"నేనియ్యలే! గీ మేడమే తెమ్మన్నదట!"

ఇద్దరూ ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. విడదీయబోయి ఉష మధ్యలో ఇరుక్కుంది. అంతలో గుమ్మం ముందు మోటారుసైకిల్ ఆగింది. మండల విద్యాధికారి దశరథం లోపలికి తొంగిచూసి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందమ్మా గీ వాసన?"

"కల్లు, సార్."

"బడిలనా?"

"క గుణింతం, సార్."

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. తిడితేనే బాగుండేదనిపించింది ఉషకు. ఆయన చూపు ఆమె చీర మీద ఆగింది. "కుచ్చిళ్లల్ల ఏదో మెరుస్తాంది చూడు."

రెండో కమ్మ తడి చీరకు అంటుకుని ఉంది. గోవిందమ్మ ఒక్క లాగు లాగింది. "దొరికింది! మేడం చీరల్నే ఉన్నది!"

ఉషకు తాగిందన్న పేరు ఎట్లాగూ వచ్చినట్టే, ఇప్పుడు దొంగన్న పేరు కూడా. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

దశరథం పిల్లల వైపు తిరిగాడు. "మీరన్న చెప్పున్రిరా. ఏమైంది గిక్కడ?"

'ఏమైంది గిక్కడ' అని అరుస్తారు, ఇక అయిపోయింది అనుకుని ఉష కళ్లు మూసుకుంది.

"కల్లు పేలింది సార్," అన్నాడు రాకేష్.

"కోడి ఎగిరింది."

"కందులు తిన్నది."

"కమ్మ పోయింది," అంది మనీష. తల్లిని, బక్కమ్మను చూపించి, "కొట్లాట!" అని కూడా చేర్చింది.

చివరికి బక్కమ్మ మనవడు ఉష ముఖంలోకి చూసి మెల్లగా అన్నాడు. "కండ్లనీళ్లు."

మనీష ఎవరూ చెప్పకుండానే పలక మీద వంకరగా 'కమ' అని రాసి తల్లికి చూపింది. గోవిందమ్మ కొంగు సర్దుకుని, "మేడం, జర మా పిల్లకు గా వత్తు గూడ నేర్పున్రి," అంది.

దశరథం కుర్చీలో కందులు దులిపి కూర్చున్నాడు. "ఎన్ని బడులు తిరిగినా పిల్లలు గిట్ల మాట్లాడంగ చూడలే. వచ్చే సోమవారం మండలంల టీచర్లందరిని ఇక్కడికే తోల్కొస్త. గిదే పాఠం చేసి చూపియ్యాలె. బంగారం మాత్రం వద్దు."

"ఏ గుణింతం, సార్?" అంది ఉష కళ్లు తుడుచుకుంటూ.

"ప పెట్టు."

ఆ ఊరి చెలక పొలాల్లో పాములు ఎక్కువ.