ఏదుపంది బులెటిన్ బోర్డు

పెద్ద అడవే, కాదనను. ఈ చివర నుంచి ఆ చివరకి కబురు వెళ్ళాలంటే, కాకి అలిగిన రోజుల్లో వారం పట్టేది. అందుకని సూరన్న అనే ఏదుపంది ఓ పాత కంప్యూటర్ సంపాదించి, సరదాకి బులెటిన్ బోర్డు పెట్టాడు. ఫోన్ లైను కలుపుకుని ఎవరైనా లోపలికి రావచ్చు, నాలుగు ముక్కలు రాసి పోవచ్చు. మొత్తం ఎనిమిది లైన్లు. సభ్యులు పదకొండు మంది. అందులో ముగ్గురికి ఒకరితో ఒకరికి మాటల్లేవు.

ఆ బోర్డు మీద ఒకరోజు ఎవరో రాశారు: "కార్యదర్శి పానకాలు తోకకి రంగు వేస్తాడు."

పానకాలు నక్క, అడవికి రాజైన సింహం గారి ఆఫీసులో కార్యదర్శి. నేనైతే రంగు చూడలేదు. వానలో తడిసినప్పుడు చూసినవాళ్ళు చెప్పారు. ఆ రోజు నుంచి అతనికి ఒకటే పట్టుదల, బోర్డు మూయించాలని.

సాకు దానంతటదే దొరికింది. సూరన్న కంప్యూటర్ బుర్ర, అదే సీపీయూ, పొద్దస్తమానం వంద శాతం పనిలో ఉండేది. ఆ వేడికి ఫాను హోరెత్తేది. ఆ హోరుకి పక్క గుహలో సింహం గారికి మధ్యాహ్నం కునుకు కరువైంది.

"శుక్రవారంలోగా హోరు ఆగాలి. లేకపోతే దాన్ని ఏట్లో పడేయిస్తాను," అన్నారు సింహం గారు.

సూరన్నకి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. అవి ఎప్పుడూ అలాగే ఉంటాయి గనక ఎవరూ గమనించలేదు.

"కమిటీ వేద్దాం ప్రభూ," అన్నాడు పానకాలు.

ఏడుగురితో కమిటీ పడింది. ఈ అడవిలో ఓ ఆచారం ఉంది: కమిటీలో ఒకరు చూసింది ఇంకొకరు నమ్మరు. కాబట్టి ఎవరికి వారు సొంత నిఘా ప్రోగ్రాం తెచ్చి ఆ కంప్యూటర్లోనే పెట్టారు. ఏడు ప్రోగ్రాములూ క్షణక్షణం "ఎంత పనిలో ఉన్నావు?" అని అడుగుతుంటే, అది పాపం ఏడింటికీ జవాబు చెప్పుకుంటూ ఇంకా వేడెక్కింది. ఫాను తుఫానులా మోగింది.

"చూశారా, రోగం ముదిరింది," అన్నాడు పానకాలు. గొంతులో ఎంత బాధో! మొహం మాత్రం అటు తిప్పుకున్నాడు.

గురువారం పొద్దున బంగారమ్మ అనే అడవి గేదె అటుగా వచ్చింది. బురదలో పడుకుని నెమరేయడం తప్ప ఆమెకి ఇంకో పని రాదని వాళ్ళ అత్తగారే అంటుంది.

"ఏమిట్రా సూరన్నా, నీ మిషను అలా రొప్పుతోంది? లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు పిన్నీ."

"ఎవరూ లేకపోతే దానికంత పనేమిటి?"

సూరన్న ప్రోగ్రాం తెరిచి చదివాడు. "మొదటి లైనులో ఎవరైనా వచ్చారా అని చూస్తోంది. లేరు. రెండోది చూస్తోంది. లేరు. ఎనిమిదీ అయ్యాక మళ్ళీ మొదటిది."

"మధ్యలో ఆగదా?"

"ఆగమని నేను రాయలేదు."

"ఓరి నీ తెలివి తెల్లారా! చుట్టాలొచ్చారా అని ఊపిరాడకుండా వీధిలోకి తొంగిచూస్తే మెడ పట్టేయదూ? ఒకసారి చూడాలి. ఎవరూ లేకపోతే చిన్న కునుకు తియ్యాలి. లేచి మళ్ళీ చూడాలి. బురదలో నేను చేసేది అదేగా!"

సూరన్న ఏడు నిఘాలనీ పీకేశాడు. ప్రోగ్రాంలో ఒక్క వాక్యం చేర్చాడు: 'ఎవరూ లేకపోతే క్షణంలో పదో వంతు నిద్రపో, లేచి మళ్ళీ చూడు.' వంద శాతం కాస్తా రెండుకి దిగింది. ఫాను నోరు మూసుకుంది. బోర్డుకి ఫోన్ చేసినవాళ్ళకి ఏ తేడా తెలియలేదు.

ఆ మధ్యాహ్నం పడుకున్న సింహం గారు శుక్రవారం పొద్దునే లేచారు. వాక్యం సంగతి విని మురిసిపోయారు.

"పని లేనప్పుడు నిద్ర! ఎంత మంచి పద్ధతి! మన ఆఫీసులో కూడా ఇదే అమలు చెయ్యండి. పానకాలూ, ఉత్తర్వు రాయి!"

పానకాలు గబగబా రాసేశాడు. అతని మనసంతా చంకలో ఉన్న ఇంకో ఫైలు మీద ఉంది: 'అనుమతి లేకుండా కమిటీ నిఘాలు పీకేసినందుకు బోర్డు రద్దు.' ఆ తొందరలో, ఉత్తర్వులో 'లేచి మళ్ళీ చూడు' అన్న ముక్క జారిపోయింది. ఆ అడవిలో అంతకుముందు ఏ ఉత్తర్వూ అంత శ్రద్ధగా అమలు కాలేదు.

రద్దు ఫైలుకి కమిటీలో ఏడుగురి సంతకాలూ కావాలి. పానకాలు ముందుగా ఎలుగుబంటి దగ్గరికి పరిగెత్తాడు.

"లేవయ్యా, ఒక్క సంతకం!"

"నేను ఉత్తర్వు ప్రకారం నిద్రలో ఉన్నాను," అన్నాడు ఎలుగుబంటి, కళ్ళు తెరవకుండా.

"నీకు పని తెచ్చానుగా!"

"లేస్తే కదా తెలిసేది."

"మరి ఎప్పుడు లేస్తావు?"

"అది నువ్వు రాయలేదుగా," అని అటు తిరిగి పడుకున్నాడు.

మిగతా ఆరుగురూ ఆ మాత్రం జవాబు కూడా ఇవ్వలేదు. సింహం గారితో చెప్పుకుందామని వెళితే, ఆయన అందరికంటే ముందే ఉత్తర్వు పాటిస్తున్నారు.

ఆ ఫైలు ఇప్పటికీ పానకాలు చంకలోనే ఉంది. బోర్డు హాయిగా నడుస్తోంది.

ఇందులో ఏరుకోదగ్గ నీతి ఏమైనా ఉంటే ఇదీ: ఆఫీసు వల్ల మేలు జరగాలని కోరుకునేవాడు దాన్ని నిద్ర లేపకూడదు.