జెట్ అనగా పంపు

గాలి కంటే బరువైన వస్తువు గాలిలో ఎగరగలదని మానవజాతి ఒప్పుకొని ఎనభై ఏళ్లయింది. అటవీ సరిహద్దు ఉపాధి నమోదు ఉపకేంద్రం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. (ఒప్పుకొమ్మని పైనుంచి సర్క్యులర్ రాలేదు.)

ఈ సంగతి తెలియకనే ధన్‌సింగ్ హైదరాబాద్ పోయి మూడేళ్లు విమానాల ఇంజన్ పని నేర్చుకొచ్చాడు. ఏన్కూరు అవతలి తండాలో పదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి అతనే. రాగానే ఉపకేంద్రంలో పేరు రాయించుకున్నాడు. గుమాస్తా చెంచురామయ్య వృత్తుల జాబితా తీసి, వేలు తడి చేసుకుంటూ తిప్పి, 'జ' దగ్గర ఆగాడు. అక్కడ జెట్ అన్న మాటతో మొదలయ్యే వృత్తి ఒక్కటే ఉంది: జెట్ పంపు మెకానిక్. బావిలోంచి నీళ్లు తోడే పంపు. అదే కార్డుకెక్కింది.

దాదాపు రెండేళ్లకు ఒక విమానాల ఫ్యాక్టరీ, జెట్ ఇంజన్ పని తెలిసినవాళ్ల పేర్లు పంపమని రాసింది. శిక్షణ ముగిసి రెండేళ్లు దాటినవాళ్లు పనికిరారు. ధన్‌సింగ్‌కు ఇంకా పదకొండు రోజులున్నాయి. పేర్ల కవరు శనివారం పోస్టులో పడుతుంది. కార్డు మీద ఒక్క మాట మారాలి. ఒక్క మాటే కదా అని మంగళవారం బస్సెక్కాడు.

"సార్, తప్పు పడ్డది. నాది జెట్ పంపు కాదు, జెట్ ఇంజన్."

"రెండిట్ల జెట్ ఉన్నదా లేదా?" అన్నాడు చెంచురామయ్య.

"ఉన్నది సార్."

"మరి తప్పేడున్నదయ్యా?"

"పంపు నీళ్లు తోడుతది సార్. ఇంజన్ ముందటి నుంచి గాలి గుంజుతది. లోపల రెక్కలు తిరుక్కుంట ఆ గాలిని అదిమి అదిమి గట్టిగ చేస్తయ్. అండ్ల కిరోసిన్ అసుంటిది చల్లి మండిస్తరు. ఆ వేడిగాలి ఒక చక్రాన్ని తిప్పి, వెనక నుంచి విసురుగ బయటపడ్తది. ముందటి రెక్కలను తిప్పేది ఆ చక్రమే. గాలిని ఎంత జోరుగ వెనక్కి తోస్తే, విమానం అంత జోరుగ ముందుకు పోతది."

చెంచురామయ్య ఇంతలో ఒక్క మాటే విన్నాడు.

"కిరోసినా? ఎంత తాగుతది?"

"పెద్దదైతే గంటకు వెయ్యి లీటర్ల పైనే సార్." (నిజం చెప్పడం ధన్‌సింగ్‌కున్న పెద్ద లోపం.)

బుధవారం అతన్ని కిరోసిన్ పంపిణీ పర్యవేక్షకుడి దగ్గరికి పంపారు, అభ్యంతరం లేదని కాగితం తెమ్మని. "ఇంజన్ ఏది?" అన్నాడాయన. లేదన్నాడు ధన్‌సింగ్. "లేని ఇంజన్‌కు అభ్యంతరం లేదని ఎట్ల రాస్తం? తీస్కరాపో."

వరండాలో నిలబడి ధన్‌సింగ్ ఆలోచించాడు. ఆఫీసు కూడా ఇంజన్ లాంటిదే. ముందు గుమ్మంలోంచి జనాన్ని గుంజుతుంది, వరుసలో అదుముతుంది, ఒళ్లు మండిస్తుంది, వెనక గుమ్మంలోంచి విసిరేస్తుంది. అంత తోసినా అంగుళం ముందుకు కదలకపోవడమే తేడా.

గురువారం సాంకేతిక నిపుణుడి అభిప్రాయం కావాలన్నారు. ఉపకేంద్రం పరిధిలో జెట్ తెలిసిన నిపుణుడు పంపుల షాపులో సర్వర్ అనే మెకానిక్ ఒక్కడే.

"నీకు నేను సర్టిఫికెట్ ఇచ్చుడేంది తమ్మీ!" అన్నాడు సర్వర్. "సదివినోనివి నువ్వు, గ్రీజు పూసుకునేటోణ్ణి నేను. వాళ్లకు షరమ్ లేదా?"

అయినా రాయించి వేలిముద్ర వేశాడు: 'ఇరవై ఏండ్ల సంది మూడు వందల జెట్ పంపులు దింపిన. ఒక్కటి గూడ ఎగరలేదు.'

శుక్రవారం అధికారి వెంకటరామారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, తీర్పిచ్చాడు.

"మన ఆవరణల జెట్ పంపు ఎనిమిది నెలల సంది ఆగి ఉన్నది. బాగు చెయ్యలేకపోతివా, నువ్వు పంపు మెకానిక్‌వి కాదని రుజువైనట్టు. మాట మారుస్త. బాగు చేస్తివా, కార్డు సరిగ్గనే ఉన్నది."

అంటే చేతకాకపోతే చాలు. మూడేళ్ల చదువు, ఫ్యాక్టరీ, అన్నీ ఆ చేతకానితనం మీదే ఆధారపడ్డాయి.

ధన్‌సింగ్ బావిలోంచి పైపు పైకి లాగి, కొస విప్పాడు. నీళ్లు దూకుడుగా చిమ్మే ఇరుకు మూతిలో చిన్న గులకరాయి. దాన్ని మళ్లీ అక్కడే పెట్టి, తెలవదు సార్ అనొచ్చు. అనాలనే అనుకున్నాడు.

అప్పుడే ఆఫీసు నీళ్లు మోసే నాగక్క రెండు బిందెలు దించి, నడుం పట్టుకుని గట్టు మీద కూలబడింది.

"కొడుకా, వాగు కాడికెల్లి మోసి మోసి సచ్చిపోతున్న. గీ సార్లు చేతులు కడుక్కునేటందుకు గూడ నేనే తేవాలె. నీళ్లొస్తయా?"

ధన్‌సింగ్ ఆమె వైపు చూశాడు. చేతిలోని రాయి వైపు చూశాడు.

"వస్తయ్ అక్కా," అన్నాడు.

వచ్చాయి. బయటికొచ్చి చప్పట్లు కొట్టిన వాళ్లలో వెంకటరామారావే ముందున్నాడు. 'అభ్యర్థి నైపుణ్యం రుజువైనందున కార్డులో మార్పు అవసరం లేదు' అని అక్కడే నిలబడి సంతకం చేశాడు.

శనివారం ఫ్యాక్టరీకి జాబు తయారైంది: 'మా పరిధిలో జెట్ ఇంజన్ పని తెలిసినవారు ఎవరూ లేరని తెలియజేయుటకు విచారిస్తున్నాము.' కవరు అంచు తడిపి అంటించడానికి చెంచురామయ్య మళ్లీ నీళ్లొస్తున్న కుళాయి తిప్పుకున్నాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక కవరు ఆలస్యం లేకుండా పోస్టులో పడింది.