అమ్మగారు ఎక్కితేనే పట్టేస్తోంది

ఆ ఆదివారం పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండెక్కక ముందే బయల్దేరడం, బైపాస్ మీదుగా అత్తగారి ఊరు చేరడం, భోజనం చేయడం, ఎవరి చేతా మాట పడకుండా చీకటి పడేలోగా ఇంటికి రావడం. ఇందులో మాట పడకుండా అన్న ముక్క ఒక్కటే కాస్త కష్టం. ఎందుకంటే వెళ్ళాల్సింది ఆయన పాత ఎస్‌యూవీలో.

ఆ బండికి పదహారేళ్ళు. తలుపు వేస్తే వీధి చివరింట్లో నిద్రపోయే పిల్లలు లేస్తారు. హ్యాండ్ బ్రేకు వేసి ఉందని చెప్పాల్సిన ఎర్రదీపం ఏనాడో కన్నుమూసింది. అయినా దానిమీద ఆయనకు పంచప్రాణాలు. ఒక్క మిషనుతో మొదలైన షాపు నాలుగు మిషన్లకు పెరిగినప్పుడు తనకు తాను ఇచ్చుకున్న బహుమతి అది. భార్య దృష్టిలో మాత్రం అది సవతి. "నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమంటారు. దాని ఒంట్లో నలతగా ఉంటే మాత్రం రాత్రంతా లేచి లేచి చూసొస్తారు" అని ఆమె చుట్టాలందరి దగ్గరా వాపోయేది.

టైలరు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. మెడలో టేపు ఉంటుంది గానీ అది అలంకారానికే. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, నడుం ఎంతో భుజం ఎంతో చూపుతోనే చెప్పేస్తాడు. చొక్కా బిగుతైతే కొలత తప్పిందని ఏనాడూ ఒప్పుకోడు, మీరే ఈమధ్య ఒళ్ళు చేశారంటాడు. పోయిన నెల బండి వెనక టైర్లు రెండూ అరిగి నున్నబడితే, అదే చూపుతో చూసి ఎక్కడినుంచో ఒక జత తెచ్చి వేయించాడు. "కొత్తవేనా?" అని భార్య అడిగితే "కొత్తవాటిలాంటివే" అన్నాడు.

బైపాస్ ఎక్కేదాకా అంతా సవ్యంగానే జరిగింది. పక్క సీట్లో భార్య ఎప్పటిలాగే హ్యాండ్‌బ్యాగు రెండు సీట్ల మధ్యా పెట్టుకుని, దానిమీద చెయ్యి వేసుకుని కూర్చుంది. మీటరు ముల్లు ఎనభై చేరింది.

"చూశావా, ఎనభైలో పోతున్నా ఒళ్ళు కదలట్లేదు" అన్నాడు టైలరు గర్వంగా.

భార్య గట్టిగా దగ్గింది. ఆ వెంటనే బండిని వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టయింది. ఇంజను గోల పెడుతోంది గానీ ముల్లు దిగిపోతోంది. కాసేపటికి మాడిన వాసన మొదలైంది. టైలరు బండిని పక్కకు తీసి ఆపి, దిగి, వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చూసిన మరుక్షణం ఆ చేతిని ఊదుకుంటూ గంతులు వేశాడు.

"పట్టేసింది" అన్నాడు.

"నడుమా?" అంది భార్య కిటికీలోంచి.

"నడుం కాదే, చక్రం! బ్రేకు వదలట్లేదు."

"పోయిన వారమూ ఇంతే, అంతకుముందు వారమూ ఇంతే. ఇంకోసారి దారిలో ఆగితే అమ్మేద్దామన్నారు, గుర్తుందా?"

"ఇది ఆగలేదు. నేను ఆపాను."

"మాట తిప్పకండి. వచ్చే ఆదివారం ఒక్కటే గడువు. అప్పుడు కూడా ఇదే తంతైతే మా తమ్ముడికి ఫోన్ చేస్తాను."

టైలరు గుండెల్లో రాయి పడింది. ఆ తమ్ముడు చేసే వ్యాపారం పాత బండ్లు కొని, ఏ ముక్కకా ముక్క విడగొట్టి అమ్మడం. ఇంటికి వచ్చినప్పుడల్లా అక్కను పలకరించే ముందు బావగారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపుల్ని, అద్దాల్ని ఆప్యాయంగా తడిమేవాడు.

మర్నాడు టైలరు షాపు తెరవకుండా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ మెకానిక్‌ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. బండికి ఏ జబ్బు వచ్చినా కళ్ళు మూసుకుని, చెవి ఆనించి కనిపెట్టేస్తానని అతని నమ్మకం. ఇప్పటిదాకా కనిపెట్టినవాటిలో సగం వేరే బండ్ల జబ్బులు. అయినా మనిషి మంచివాడు. నాలుగు చక్రాలూ విప్పాడు, బ్రేకు డ్రమ్ములు గీకాడు, బ్రేక్ ఆయిల్ మార్చాడు, వెనక చక్రాల సిలిండర్లు కొత్తవి వేశాడు. తర్వాత ఇద్దరూ కలిసి బైపాస్ మీద చాలాదూరం వెళ్ళి వచ్చారు. బండి గాలిలో తేలినట్టు పోయింది. వెనక చక్రాలు చల్లగా ఉన్నాయి.

"మీరు చెప్పక ముందే నాకు సిలిండర్ల మూలుగు వినిపించింది సార్" అన్నాడు మేస్త్రీ.

టైలరు ఆనందం రెండు రోజులు నిలిచింది. బుధవారం సాయంత్రం భార్యను నమ్మించాలని ఆమెను ఎక్కించుకుని అదే రోడ్డు మీదికి వెళ్ళాడు. ముల్లు ఎనభై చేరింది. భార్య దగ్గింది. బండి పట్టేసింది. టైలరు రోడ్డు పక్కన ఆపి, స్టీరింగు మీద తల ఆనించి, ఫోను స్పీకర్లో పెట్టి మేస్త్రీకి జరిగింది చెప్పాడు.

అవతలనుంచి మేస్త్రీ, చుట్టూ ఎవరున్నారో అడగకుండా, తన జీవితంలో మొదటిసారి తప్పులేని మాట ఒకటి అన్నాడు.

"సార్, మనిద్దరం వెళ్తే బండికి ఏ బాధా లేదు. అమ్మగారు ఎక్కితేనే పట్టేస్తోంది."

ఆ మాట తర్వాత బండిలో వినిపించిన నిశ్శబ్దానికి మేస్త్రీ కూడా భయపడి ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి భార్య భోజనం మానేసింది. టైలరు బతిమాలబోతే "నేను తింటే రేపు మీ బండి ఏమైపోతుందో" అంది. ఆ మాట అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె తల్లికి చెప్పింది, తల్లి కొడుక్కి చెప్పింది. పొద్దున్నే అత్తగారి ఫోను.

"ఏం నాయనా, మా అమ్మాయి బరువుకి బండి ఇరుసు విరిగిందటగా?"

"విరగలేదత్తయ్యా! అసలు బరువన్న మాటే ఎవరూ..."

"మా ఇంటినుంచి పంపినప్పుడు సన్నగానే ఉంది. ఆ తర్వాత సంగతులకు నేను జవాబుదారీ కాదు."

ఆ ఫోను పెట్టేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. "బావగారూ, మా అక్క ఎక్కితే నాలుగు చక్రాలూ నేలలోకి దిగబడుతున్నాయటగా? బండిలో పస లేకపోతే లేదని చెప్పండి, మనుషుల మీద పెట్టడమెందుకు? ఆదివారం నేనూ వస్తాను. బండి ఆగిందంటే అటునుంచి అటే మా యార్డుకి తోలుకుపోతా."

టైలరుకు తల ప్రాణం తోకకొచ్చింది. బండి దక్కాలంటే ఆదివారంలోగా రోగం తేలాలి. ఇంట్లో తిండి దక్కాలంటే ఆ రోగానికి కారణం భార్య బరువు కాదని రుజువు కావాలి. శుక్రవారం మేస్త్రీని పిలిపించి, షాపులోంచి గుడ్డ తానులు మోయించాడు. భార్య ఎంత బరువుంటుందో చూపుతోనే అంచనా కట్టి, అన్ని తానులు పక్క సీట్లో పేర్చి, సీటుబెల్టు కట్టాడు. సరిగ్గా ఆ సమయానికి ఆమె బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వచ్చింది.

"ఏమిటండీ అది?" అంది పైనుంచి.

టైలరు అబద్ధం ఆడదామనుకున్నాడు గానీ చెమట తుడుచుకునే హడావిడిలో నిజం వచ్చేసింది. "నువ్వే."

ఆమె సీట్లో ఉన్న గుట్టను కిందినుంచి పైదాకా చూసింది. "అంత ఉంటానా నేను?"

"కాస్త వదులుగా లెక్కేశానే. కుట్టులోకి పోతుంది కదా..."

తడి తువ్వాలు ఒకటి పైనుంచి సూటిగా వచ్చి ఆయన నెత్తిమీద పడింది. మేస్త్రీ చప్పున బండెక్కి తలుపు వేసుకున్నాడు. ఇద్దరూ తానులతో కలిసి బైపాస్ మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగారు. ఏ తేడా లేదు. మంచులో పెట్టి తీసినట్టు ఉన్నాయి చక్రాలు.

"అంటే బరువు కాదు సార్" అన్నాడు మేస్త్రీ ఆలోచిస్తూ. "మనిషే."

"ఈ మాట మా ఇంటి గేటు లోపల అనకు" అన్నాడు టైలరు.

ఆదివారం రానే వచ్చింది. స్టీరింగు దగ్గర టైలరు, పక్కన మొహం మాడ్చుకున్న భార్య, వెనక సీట్లో బావమరిది, చెవి మేస్త్రీ. బావమరిది ఫోనులో దారి చూసుకుంటూ, మధ్యమధ్య సీటు తోలును నొక్కి చూస్తున్నాడు. మేస్త్రీ కళ్ళు మూసుకుని చెవులు రిక్కించాడు. బైపాస్ వచ్చింది. ముల్లు డెబ్బై దాటింది, ఎనభై చేరింది. భార్య గట్టిగా దగ్గింది.

"ఆపండి!" అని అరిచాడు మేస్త్రీ. "దగ్గు కింద ఇంకో చప్పుడు ఉంది! టక్ మని!"

టైలరు కంగారుగా బండి ఆపాడు. మేస్త్రీ వెనకనుంచి ముందుకు వంగి, "క్షమించండి అమ్మగారూ" అంటూ రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్యాగు ఎత్తాడు. దాని కింద హ్యాండ్ బ్రేకు ఒక్క పన్ను, అంటే ఒక్క టక్కు, పైకి లేచి ఉంది. ఆ బ్రేకు కడ్డీని ఇంకా పట్టుకుని ఉన్నాయి అమ్మగారి వేళ్ళు.

"అక్కా!" అన్నాడు బావమరిది.

ఆమె చెయ్యి తీయలేదు. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అవును, నేనే! ముల్లు ఎనభైకి పోతుంటే నా గుండె జారిపోతోంది. మెల్లగా వెళ్ళండంటే ఏనాడైనా విన్నారా? నీకేం తెలుసంటారు. నాకు లైసెన్సు ఉందని మీకసలు గుర్తుందా? ఒక్క పన్ను లాగితే బండి నెమ్మదిస్తుందని నేర్పిన మాస్టారే చెప్పాడు. అందుకే లాగేదాన్ని, బండి ఆగాక మీరు చూడకుండా దించేసేదాన్ని. అమ్మేస్తే ఈ భయమూ ఉండదు. నాకున్నది ఒక్క మొగుడు, స్పేరు లేదు."

టైలరు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళలో పక్కనున్న మనిషి భయపడుతోందని ఆయనకు తట్టనే లేదు. అదే సమయంలో, బండిలో ఏ రోగమూ లేదని తేలినందుకు లోపల్లోపల గంతులు కూడా వేశాడు. మంచి మొగుడు ఈ రెండూ ఒకేసారి చేయకూడదు. ఆయన చేశాడు.

"అదంతా సరే బావగారూ" అన్నాడు బావమరిది ఫోను చూపిస్తూ. "మీ ముల్లు ఎనభై దగ్గరున్నప్పుడు ఇది డెబ్బై అని చూపించింది. ఇదే పాడైందేమో అనుకున్నా. కానీ ఇందాక పాల ఆటో ఒకటి మనల్ని దాటేసి పోయింది. ఎనభైలో పోతున్న బండిని పాల ఆటో ఎలా దాటుతుంది?"

అందరూ కిందికి దిగారు. చెవి మేస్త్రీ ఆ రోజు మొదటిసారి కళ్ళు వాడాడు. ముందు టైరు పక్కన నిలబడి మోకాలి మీద గుర్తు పెట్టుకున్నాడు. వెనక టైరు పక్కకు వెళ్ళి చూసుకున్నాడు. గుర్తు నాలుగు వేళ్ళు కిందికి రావలసి వచ్చింది.

"సార్, వెనకవి పొట్టివి. పొట్టివాడు పొడుగువాడితో సమానంగా నడవాలంటే ఎక్కువ అడుగులు వెయ్యాలి కదా? ముల్లు వెనక చక్రాల అడుగులే లెక్కపెడుతుంది. అడుగులు ఎక్కువయ్యాయి కాబట్టి వేగం ఎక్కువనుకుంటోంది."

"నాలుగు చక్రాలూ విప్పావుగా, అప్పుడు కనబడలేదా?" అంది టైలరు భార్య.

"గుండ్రంగా ఉన్నాయా లేదా అనే చూశానమ్మగారూ."

ఆమె భర్త వైపు వేలు చూపిస్తూ మేస్త్రీని అడిగింది. "అంటే ఈయన ఎనభైలో ఎప్పుడూ పోలేదా?"

"ఈ టైర్లు వేసినప్పటినుంచీ డెబ్బై దాటలేదమ్మగారూ."

ముగ్గురూ టైలరు వైపు చూశారు. ఆయన ముందు రెండే దారులు ఉన్నాయి. నిజంగానే ఎనభైలో పోయానంటే భార్యను ఏడిపించినవాడవుతాడు. పోలేదంటే చూపుతో కొలిచి పొట్టి టైర్లు తెచ్చినవాడవుతాడు. నలభై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరిగిన మనిషికి రెండోది ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. వెనక టైరును చాలాసేపు చూశాడు.

"తెచ్చినప్పుడు సరిపోయాయి" అన్నాడు. "ఈమధ్య ఒళ్ళు తగ్గాయేమో."

భార్యకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. టైలరు ఇక ఆగలేక, "తప్పు నాదే. కొలత తప్పాను. నువ్వు భయపడుతున్నావని తెలిస్తే యాభైలోనే పోయేవాడిని" అన్నాడు. ఆ మాట ఆమె విన్నది, నమ్మింది, మనసులో దాచుకుంది కూడా. కానీ మొహంలో కనబడనివ్వలేదు.

"మరి బండి సంగతేంటక్కా?" అన్నాడు బావమరిది, ఆశ చావక. "ఆగనైతే ఆగింది కదా. తోలుకుపోనా?"

ఆమె బండిని ముందునుంచి వెనకదాకా ఒకసారి చూసింది. పదహారేళ్ళలో ఆమె దాన్ని అంత జాలిగా చూడటం అదే మొదటిసారి.

"దాన్నెందుకురా అమ్మడం, అదేం చేసింది పాపం?" అంది. "దాని ఒంట్లో ఏ రోగమూ లేదు. బండి ఉంటుంది. డ్రైవర్ని మారుద్దాం." అని భర్త ముందు చెయ్యి చాపింది.

తాళంచెవి చేతులు మారింది.

తర్వాతి ఆదివారం, నాలుగూ ఒకే కొలత టైర్లతో, బండి బైపాస్ మీద హాయిగా పోతోంది. ఆమె స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు టైలరు ఒళ్ళో ఉంది. దాని పట్టీలను ఆయన రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. ముల్లు అరవై మీద నిలకడగా ఉంది, అది కూడా నికార్సైన అరవై. పక్క సీట్లోంచి చూస్తే అరవై కూడా చాలా ఎక్కువేనని ఆయనకు ఆ రోజే తెలిసింది.