బడి మూసేయాలని వాదించి గెలిచిన పిల్ల

ఆ శనివారం పొద్దున విమల టీచర్ అనుకున్నది చిన్న పని. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల వెనక, ప్రార్థన మందిరంలో నడిచే తన బడికి తల్లిదండ్రులను పిలవాలి, పిల్లల చేత మాట్లాడించాలి. అది విని వాళ్లు పిల్లలను ఉంచితే బడి ఉంటుంది. లేకుంటే జూన్‌లో తాళమే.

ఆ బడిలో ర్యాంకుల గోల లేదు. కీర్తనలు, పాత గ్రీకు కథలు, కాస్త లాటిన్, తర్కం, ఆపైన వాదన. దేవుడు బుద్ధి ఇచ్చింది నిజం వెతకడానికి గానీ గైడు బట్టీ కొట్టడానికి కాదని విమల నమ్మకం. నమ్మని పక్షాన వాదించగలిగితేనే నమ్మినదేమిటో తెలుస్తుందని పిల్లలకు నూరిపోసింది. అందుకే ఆ రోజు విషయం తానే పెట్టింది: మన బడి మూసేయాలి.

మూసేయాలనే పక్షం శారదకు పడింది. బడంటే ప్రాణమిచ్చే పిల్ల అదే.

"లాటిన్ మా నాయినతోని బొగ్గుబాయికాడ ఎవరు మాట్లాడుతరు? రేపు ఎంసెట్ల ఎందుకని అడిగెటోనికి మార్కులేస్తరా? మా నాయిన బొగ్గుల దిగేది నాకు నౌకరి రావాలనా, ప్రశ్నలు రావాలనా?"

తల్లిదండ్రులు సర్దుకుని కూర్చున్నారు. వాళ్లలో గట్టయ్య ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. జవాబు చెప్పాల్సింది అతని కొడుకు ఎల్లేశ్. లేచాడు. "అబద్ధమాడొద్దని టీచర్ చెప్పింది. నా దగ్గర జవాబు లేదు," అని కూలబడ్డాడు.

విమల లేచి అడ్డుపడింది. "అది ఉత్త వాదన! శారదకు ఈ బడంటే పానం!"

శారద చెయ్యెత్తింది. "మాటను చూడాలె, మనిషిని కాదని మీరే చెప్పిండ్రు గద టీచర్?"

హాలంతా చప్పట్లు. విమల చేతులు కూడా ఆగలేదు.

"మీరు ప్రార్థన చేపిచ్చుకోండ్రి టీచరమ్మా, మాకేం పరేషాన్ లేదు," అన్నాడు గట్టయ్య. "నౌకరి రాదని పిల్లనే చెప్పబట్టె. మా ఎల్లేశ్ టీసీ ఇయ్యిండ్రి."

ఒకరిని చూసి ఒకరు లేచారు. శారద తండ్రి బాల్‌సింగ్ చివరన వచ్చాడు. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నాయినా, నాకు గీ బడే గావాలె!"

"ఇప్పుడు గట్లనకు బిడ్డా. ఇందాక చెప్పిందే మంచిగుండె."

జూన్‌లో తాళం పడింది. గట్టయ్య వీడియో ఊరంతా తిరిగింది. శారద చేరిన పెద్ద బడివాళ్లు అందులోంచి ఆమె బొమ్మ తీసి గేటు మీద ఫ్లెక్సీ కట్టారు: 'మీ పిల్లలు ఇలా ధైర్యంగా మాట్లాడాలా? మా బడిలో చేర్చండి!' చేర్చడానికి జనం ఎగబడ్డారు.

విమల అటుగా పోతూ గేటు సందులోంచి చూసింది. శారద వరండాలో నిలబడి ఉంది.

"ఏమైందమ్మా?"

"సార్ బోర్డు మీద లెక్క చేసిండు టీచర్. ఎందుకట్ల అని అడిగిన. బయట నిలబడుమన్నడు."

"తప్పయిందని చెప్పకపోయినవా?"

"ఏం తప్పని అడిగిన. ఇగ సాయంత్రందాక నిలబడుమన్నడు. నోరు తెరవొద్దంట."

ఫ్లెక్సీలో మాత్రం ఆ నోరు తెరిచే ఉంది.