మోకాలికి ముప్ఫై అయిదు గజాలు

కదలకుండా కూర్చున్నవాణ్ణి ముందుకు జరిపే మహోన్నత క్రీడ అమెరికన్ ఫుట్‌బాల్ అని, ఖతర్‌లోని ఒక నిర్మాణ కంపెనీ ఆటల కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (అలా జరిగి పైకొచ్చినవారే కమిటీలో ఉన్నారు.)

రూలు ఇది. ఎదుటి జట్టు తన్నిన బంతి నేల తాకకుండా మన చివరి గడిలోకి వస్తే, పట్టుకుని అక్కడే నేలకు మోకాలు ఆనించాలి. బంతిని ముందుకు తెచ్చి ముప్ఫై అయిదో గజం దగ్గర రెఫరీలే పెడతారు. పరిగెత్తితే పాతికో గజం లోపే దొరికిపోతాం. అందుకని బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంప్‌కి కోచ్ అయిన సేఫ్టీ ఆఫీసర్ జడ్సన్ వెనక వరసలో ఇద్దరిని నిలబెట్టాడు. ఒకడు పరంజాలు కట్టే అంజి, క్యాంపంతటిలో వేగమైనవాడు. రెండోవాడు మల్లన్న, మోకాలు చక్కగా ఆనించేవాడు.

టోర్నీలో ఆ వరసలో మెరుగైనవాడికి కంపెనీ ఇచ్చేది నెల రోజుల సెలవు, ఊరికి విమానం టికెట్టు. అంజికి కావలసింది అదే.

"బిడ్డ పుట్టింది సార్, ఫోన్లనే సూస్తున్న. ఒక్కపాలి ఉరకనియ్యున్రి!"

"పరిగెడితే పడతావు తమ్ముడూ. పడితే రిపోర్టు నేను రాయాలి. కూర్చో," అన్నాడు జడ్సన్.

అంజి మ్యాచ్ మ్యాచ్‌కీ కూర్చున్నాడు. జట్టు ఫైనల్ చేరింది.

కానీ ఫైనల్లో ఎదురైన అల్ రయ్యాన్ జట్టు కూడా రూల్సు చదివింది (ఇది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమని జడ్సన్ అభ్యంతరం). ఆఖరి బంతిని కావాలని పొట్టిగా తన్నారు. అది చివరి గడికి ముందే పడింది. అక్కడ మోకాలు ఆనిస్తే బంతి అక్కడే ఉండిపోతుంది. పరిగెత్తక తప్పదు.

అంజి బంతి అందుకున్నాడు. ఊళ్ళో కబడ్డీ కూత పెట్టినవాడాయె, ఒకణ్ణి వంగి తప్పించాడు, ఇంకొకణ్ణి ఊరించి వదిలేశాడు. "యల్లా అంజీ, ఉరుకు!" అని క్యాంపంతా గొంతు చించుకుంది. అవతలి గీత దాటి, పాపం, పిచ్చివాడిలా నవ్వాడు. కప్పు గెలిచారు. జడ్సన్ కూడా గెంతాడు, కిందా పైనా చూసుకుని.

మర్నాడు జడ్సన్ ఆ పరుగును ప్రమాదం తృటిలో తప్పిన సంఘటనగా నమోదు చేశాడు. అనుమతి పత్రం లేదు, వేగం మితిమీరింది. టోర్నీ మొత్తంలో ఆ వరసలో ఏ సంఘటనా లేనివాడు మల్లన్న ఒక్కడే కాబట్టి సెలవు అతనికి వెళ్ళింది.

"మరి ఉరికింది నేను గద సార్?"

జడ్సన్ అతని భుజం తట్టాడు.

"అందుకే తమ్ముడూ, వచ్చే ఏడు కూడా పరుగు నీకే ఇస్తున్నాం."